లేత పాకం

ఫిబ్రవరి 18, కేంబ్రిడ్జి

బండి ఇంటికొచ్చి తొమ్మిది రోజులు. 2006 నాటి లోటస్ ఎలీజ్ 111ఆర్. అమ్మినాయన బండి మీద ఆప్యాయంగా చెయ్యేసి, టైర్లకు ఇంకా బోలెడంత ఆయుష్షుందన్నాడు. అబద్ధమేం కాదు. గాడి లోతు కొలిస్తే 5 మిల్లీమీటర్లు తేలింది, ఇక్కడి చట్టం అడిగేది 1.6. మరి పొద్దున తడిసిన రౌండెబౌట్‌లో, పాతిక మైళ్ళ వేగం దగ్గర, వెనక చక్రాలు నన్ను దాటి ముందుకెళ్ళాలని ఎందుకు చూసినట్టు?

ఇంటికొచ్చాక మోకాళ్ళ మీద కూర్చుని టైరు పక్కన అచ్చు చదివాను. తయారీ కోడ్ చివరి నాలుగంకెలు 1413. అంటే 2013లో 14వ వారం. మనిషైతే ఆరో తరగతి చదువుతుండేవాడు. గోరు గుచ్చితే దిగలేదు. గాడులు ఉన్నాయి, రబ్బరే పోయింది.

ఫిబ్రవరి 20

నాన్నకు వీడియోలో బండి చూపించాను. ఇరవై రెండేళ్ళు లారీ తోలిన మనిషి. చీమకుర్తి గ్రానైట్ బండలు ఎత్తుకుని చెన్నై రేవుకు పోయేవాడు. బండి రంగు గురించి గానీ, నేల మీద పాకుతున్నట్టున్న దాని ఆకారం గురించి గానీ ఒక్క మాట అనలేదు.

"స్టెప్నీ ఎక్కడ పెట్టాడ్రా?"

"లేదు నాన్నా."

"లేకపోతే?"

"నురగ డబ్బా ఒకటి ఇస్తారు. చిల్లు పడితే లోపలికి కొట్టుకోవాలి."

కాసేపు మాట్లాడలేదు. లైను పోయిందేమో అనుకున్నా. "ఎంతకు కొన్నానన్నావ్?" అన్నాడు.

స్టెప్నీ అనే మాట పుట్టింది ఈ దేశంలోనే. వేల్స్‌లో లానెల్లీ అనే ఊరు, అందులో స్టెప్నీ వీధి. 1904లో అక్కడి అన్నదమ్ములిద్దరు కార్లకు అదనపు చక్రం అమ్మడం మొదలెట్టారు. ఆ మాట చిలకలూరిపేట లారీ స్టాండు దాకా వచ్చి స్థిరపడింది. ఇక్కడ ఆఫీసులో అడిగితే ఒక్కడికీ తెలీదు.

ఫిబ్రవరి 27

కొత్త టైర్లు తప్పవు. రోడ్డు మీదకూ, ఏడాదికి రెండు మూడుసార్లు ట్రాక్ మీదకూ. ఇంకో జత చక్రాలు కొని ట్రాక్ దగ్గర మార్చుకోమని సలహా ఇచ్చేవాళ్ళకు ఈ బండి డిక్కీ చూపించాలి. ఒక సూట్‌కేసు పెడితే రెండోది బయటే. నాలుగు చక్రాలు ఎక్కడ పెట్టను, ఒళ్ళోనా? కాబట్టి ఏ టైర్లతో వెళ్తానో వాటితోనే తిరగాలి, వాటితోనే ఇంటికి రావాలి.

రాత్రి కాగితం మీద లెక్క వేశాను. బండి బరువు 860 కిలోలు. ఇంజను నా వీపు వెనక ఉంటుంది కాబట్టి ముందు ఇరుసు మీద నాలుగు వంతులకు ఒకటిన్నర వంతే పడుతుంది. నేను కూర్చున్నాక కూడా ఒక్కో ముందు టైరు మోసేది 170 కిలోల చిల్లర. రెండు ధాన్యం బస్తాలు, పైన ఓ బుట్టెడు. ఆ టైరు మీద 80 అని లోడ్ అంకె ఉంది, దానర్థం 450 కిలోలు మోయగలదని. సగం పని కూడా లేదు దానికి.

ఇదే చిక్కు. టైర్లు కట్టేవాళ్ళు మామూలు కార్లను మనసులో పెట్టుకుని కడతారు, మామూలు కారంటే నాదానికి రెట్టింపు. ఆ బరువుకు ఆగేలా పక్క గోడలు బిగువుగా ఉంటాయి. అదే టైరు నా బండికి వేస్తే చెక్క చక్రం వేసినట్టుంటుంది. బరువు తక్కువ కాబట్టి గాలీ తక్కువే పెట్టమంటుంది పుస్తకం: ముందు 26 పీఎస్ఐ, వెనక 29. పెట్రోలు బంకులో పక్కనున్న జీపాయన నా అంకె చూసి మీటరు చెడిపోయిందనుకున్నాడు.

మార్చి 9

మూడు దారులున్నాయి. మంచి రోడ్డు టైరు. లేదంటే రోడ్డు మీద తిరగడానికి చట్టం ఒప్పుకునేలా పైపైన నాలుగు గాడులు గీసిన ట్రాక్ టైరు. ఈ రెంటికీ మధ్య, రోడ్డు వైపు కాస్త ఒరిగిన మూడో రకం.

అమెరికాలో అమ్మే టైర్ల మీద అరుగుదల అంకె అచ్చు వేయాలి. ప్రామాణికంగా పెట్టుకున్న టైరుకు 100. ఎంత పెద్ద అంకెయితే అంత నిదానంగా అరుగుతుంది. ఎలీజ్ అన్నగారైన ఎగ్జీజ్‌కు లోటస్ వేసిన యోకోహామా ఏ048 మీద 60 ఉంటుంది. అదే కంపెనీ ఏడీ08ఆర్ మీద 180. మామూలు స్పోర్ట్స్ టైర్లు 300 దాటతాయి. అంకె వేసుకునేది తయారుచేసినవాళ్ళే కనుక ఒక కంపెనీతో ఇంకో కంపెనీని పోల్చడం దండగ. ఒకే ఇంట్లో అన్నదమ్ముల్ని పోల్చుకోవడానికి పనికొస్తుంది.

సంక్రాంతికి అమ్మ అరిసెల పాకం పట్టడం గుర్తొచ్చింది. గరిటెడు తీసి పళ్ళెంలో నీళ్ళలో వేసేది. వేళ్ళతో దగ్గరికి తీస్తే ఉండ కట్టాలి. లేతగా దించితే అరిసె నూనెలో విచ్చిపోతుంది, ముదిరితే పళ్ళూడతాయి. రబ్బరు మిశ్రమమూ అంతే. చలిలో బిగుసుకుంటుంది, వేడెక్కేకొద్దీ మెత్తబడి తారు రోడ్డు గరుకులోకి దిగుతుంది, ఇంకా వేడెక్కితే జారుతుంది. మధ్యలో ఉండ కట్టే ఆ కాసేపే పట్టు. ఏ వేడి దగ్గర ఆ ఘడియ వస్తుందన్నది టైరుకో రకం.

బరువైన బండి తన పాకం తనే కాచుకుంటుంది. అది కట్టెల పొయ్యి. నాది అగరొత్తి. ముదురు రబ్బరు వేస్తే ట్రాక్ మీద కూడా కాగదు, అందుకే తేలిక బళ్ళవాళ్ళు మెత్తటి మిశ్రమాల వెంట పడతారు. పెద్ద బండిలో మధ్యాహ్నానికల్లా కరిగిపోయే రబ్బరు చిన్న బండిలో రెండేళ్ళు వస్తుంది.

మార్చి 15

సాయంత్రం 4 డిగ్రీలు. బండి తియ్యలేదు.

మార్చి 23

ముందు టైరు సైజు 175/55 ఆర్16. దుకాణాల్లో వెతికితే చిక్కడం కష్టం. ఇంత సన్నటి టైరు స్పోర్ట్స్ కారుకు ఎందుకు వేసినట్టు?

1996లో వచ్చిన మొదటి ఎలీజ్‌కు ముందు 185, వెనక 205. తేడా కొంచెమే. మలుపు మధ్యలో భయపడి కాలు తీసేస్తే బరువు ముందుకు దొర్లి, వెనక భాగం చుట్టూ తిరిగి వచ్చేది. తర్వాతి తరంలో ముందు 175కు తగ్గించి వెనక 225కు పెంచారు. ముందు చక్రాలే ముందుగా చేతులెత్తేస్తే, తిప్పినంత తిరగట్లేదని మనిషి వేగం తగ్గించుకుంటాడు. వెనక చక్రాలు ముందుగా వదిలితే ఏం చెయ్యాలో తోచేలోపు గడ్డిలో ఉంటాడు. కొన్నవాణ్ణి కొంచెం నమ్మక, కొంచెం కాపాడుతూ తీసుకున్న నిర్ణయం. నాకు కోపం రాలేదు. మొన్నటి రౌండెబౌట్ ఇంకా గుర్తుంది.

ఎగ్జీజ్ సైజు 195/50 ఆర్16 వేసుకోవచ్చు. చుట్టుకొలతలో పేచీ లేదు: పాతది నిలువునా 599 మిల్లీమీటర్లు, ఇది 601. నా ముందు రిమ్ము వెడల్పు 5.5 అంగుళాలు, 195 టైరు కూర్చోవడానికి అదే కనీసం. అంచున ఉన్నాను కానీ లోపలే ఉన్నాను. ముందు పట్టు పెరిగితే వెనక దానికి ధైర్యం తగ్గుతుందన్నది మరిచిపోకూడదు. నాలుగూ ఒకే రకం వేయాలి. ముందొకటి వెనకొకటి వేసి తెలివి చూపించనక్కర్లేదు.

ఏప్రిల్ 6

కొనేశాను. రెండో దారిలోవి, ట్రాక్ రబ్బరు, 195, 225. ఒకాయన ఒక్క సీజను వాడి తీసేసినవి, సగం ధర. కంపెనీ పేరు రాయను, ఎందుకంటే తర్వాత ఏమన్నా జరిగితే తప్పు దానిమీదికి తోస్తాను, నా సంగతి నాకు తెలుసు.

వీటికి నీళ్ళంటే పడదని ఆయనే చెప్పాడు. సరే, వానొస్తే బండి తియ్యను. అంతే.

ఏప్రిల్ 13

టైర్లు ఎక్కించే కుర్రాడు జాకీ పట్టుకుని బండి కింద నేల రేకుకు ఆనించబోయాడు. అరిచినంత పని చేశాను. ఈ బండి అస్థిపంజరం అల్యూమినియం, ముక్కల్ని జిగురుతో అతికించి చేసింది, మొత్తం 68 కిలోలు. జాకీ ఆనించే చోట్లు లెక్కపెట్టి ఉంటాయి. బోల్టులు 105 న్యూటన్ మీటర్లకు బిగించమన్నాను. అంకె రెండుసార్లు అడిగి రాసుకున్నాడు. మంచి కుర్రాడు.

మే 11, స్నెటర్టన్

నార్ఫోక్‌లో ఏ11 రోడ్డు పక్కన ఉన్న ట్రాక్. యుద్ధకాలంలో అమెరికన్ బాంబర్ విమానాలు ఇక్కణ్ణుంచే లేచేవి. ఒక వంపు పేరు ఇప్పటికీ బాంబ్ హోల్. లోటస్ ఫ్యాక్టరీ ఉన్న హెతల్ కూడా పాత విమానాశ్రయమే, 1966లో అక్కడికి చేరారు. చదునైన నేలా, పనిలేని రన్‌వేలూ మిగలకపోతే ఈ దేశంలో రేసు కార్లు ఇన్ని పుట్టేవి కావేమో.

ట్రాక్ చుట్టు దాదాపు 3 మైళ్ళు. ఇలాంటి రోజుల్లో స్టాప్‌వాచీ పెట్టనివ్వరు. గడియారం పెడితే పందెమవుతుందట, పందెమైతే బీమా లెక్కలు మారతాయట. అంటే టైరు నాకు మిగిల్చే సెకన్లు కొలిచే హక్కు కూడా నాకు లేదు. ఇది పొద్దున్నే తట్టి ఉండాల్సింది, మధ్యాహ్నం తట్టింది.

మొదటి రెండు చుట్లు చెక్క మీద తోలినట్టుంది. మూడో చుట్టులో పాకం కుదిరింది. కోరమ్ అనే మలుపుంది, కుడివైపుకు తిరుగుతూనే ఉంటుంది, ఎప్పటికీ అయిపోదనిపిస్తుంది. ఎడమ చక్రాలు రెండూ బండి మొత్తాన్ని మోస్తాయి. పవర్ స్టీరింగ్ లేదు కాబట్టి ముందు టైరు చెప్పే ప్రతి మాటా అరచేతికి వస్తుంది. ఇంకొంచెం తిప్పాను, వచ్చింది. ఇంకొంచెం, అదీ వచ్చింది. మెడ నొప్పి పుట్టింది కానీ బండి జారలేదు. పిల్లి గోళ్ళు దించి చాప మీద నడిచినట్టు.

ఇరవై నిమిషాలకు ఆగి గాలి చూశాను. పొద్దున 12 డిగ్రీల చలిలో 26 పెట్టింది ఇప్పుడు 33. వాతావరణ ఒత్తిడి కలిపి లెక్కేస్తే లోపలి గాలి 61 డిగ్రీల దాకా కాగిందన్నమాట. అంత గాలి ఉంటే టైరు మధ్యలో ఉబ్బి, అంచులు నేలకు ఆనవు. 28కి వదిలేశాను. ముందే టైరు భుజం మీద సుద్దముక్కతో అడ్డంగా గీత గీసి పెట్టాను. టైరు పక్కకు ఎంత దొర్లితే అంతమేర సుద్ద చెరుగుతుంది. గీత పక్క గోడ మీదికి వచ్చే చోట ఆగింది. బాగుంది.

పక్క గడిలో కేటర్‌హామ్ సెవెన్ ఒకటి. నా బండిని చూసి "అబ్బో, బరువైన బండి" అన్నాడు దాని యజమాని. ఎగతాళి కాదు, ఆయనది నాకంటే చాలా తేలిక. ఏవాన్ టైర్లు వేసుకున్నాడు. మెల్క్‌షమ్‌లోని ఏవాన్ ఫ్యాక్టరీ 2023లో మూసేశారు, వందేళ్ళు దాటిన ఫ్యాక్టరీ. ఇంకా ఒక జత దాచుకున్నానని మామిడికాయ జాడీ గురించి చెప్పినట్టు చెప్పాడు.

నాలుగున్నరకు మబ్బు పట్టింది.

మే 12

చెయ్యి ఇవాళ వణకడం లేదు కాబట్టి రాస్తున్నా.

థెట్‌ఫర్డ్ దాటాక వాన మొదలైంది. ఎల్వెడన్ అడవి దగ్గర అది వాన కాదు. లారీలు గాడి చేసిన రోడ్డు, ఆ గాడుల్లో నీళ్ళు. వేగం 55 మైళ్ళు. స్టీరింగ్ ఒక్కసారిగా తేలికైపోయింది. పొద్దుటి నుంచి అరచేతిలో మాట్లాడుతున్న టైరు మాట ఆపేసింది. ముందు చక్రాలు నీళ్ళ మీద ఉన్నాయి, నేల మీద లేవు. బ్రేకు తొక్కలేదు, తిప్పలేదు. అది తెలివి కాదు, కొయ్యబారిపోవడం. రెండు సెకన్లో మూడో, మళ్ళీ నేల అందింది. బార్టన్ మిల్స్ రౌండెబౌట్ దగ్గర బంకులో ఆపి, ఊరికే కూర్చున్నాను.

అక్కడ అలవాటుగా గాలి చూశాను. ముందు 22.

మధ్యాహ్నం కాగిన టైర్లలోంచి నేనే 28కి వదిలాను. వానలో టైర్లు చల్లారాయి, అంకె పడిపోయింది. ఇంటికి బయలుదేరేముందు తిరిగి నింపాలి. నింపలేదు.

1963లో నాసా వాళ్ళు విమానాల చక్రాల మీద పరీక్షలు చేసి ఒక సూత్రం చెప్పారు: గాలి ఒత్తిడి వర్గమూలాన్ని 10.35తో గుణిస్తే, టైరు నీళ్ళ మీదికి ఎక్కే వేగం మైళ్ళలో వస్తుంది. నీళ్ళు గాడుల్ని ముంచేంత లోతున్నప్పటి మాట అది. లోతైన గాడులున్న టైరు నీళ్ళను పక్కకు తోసి ఇంకాస్త ఓర్చుకుంటుంది. నా టైర్లకు గాడులు నామమాత్రం. 36 గాలున్న మామూలు కారుకు 62 మైళ్ళు. 26 పెట్టే నా బండికి 53. నిన్నటి 22కు 48న్నర. నేను వెళ్తున్నది 55.

తేలిక బండికి తక్కువ గాలి, తక్కువ గాలికి తొందరగా తేలడం. ఫిబ్రవరిలో గొప్పగా వేసిన లెక్కకు ఇది రెండో పేజీ. అప్పుడు తిప్పి చూడలేదు.

మే 19

నాన్నకు చెప్పకూడదనుకున్నాను, చెప్పాను. తిట్టలేదు. "గాలి చూడకుండా బండి కదిపావా?" అన్నాడు, అంతే. లారీ ఎక్కేముందు నాన్న చేతికర్రతో పది చక్రాలూ కొట్టుకుంటూ వెళ్ళేవాడు. చప్పుడును బట్టి తెలిసేది. డాబా దగ్గర టీ తాగి వచ్చినా మళ్ళీ పదీ కొట్టేవాడు. చిన్నప్పుడు అది దిష్టి తియ్యడం లాంటిదేదో అనుకునేవాణ్ణి.

"రబ్బరెక్కించిన టైరు ముందుకు ఎప్పుడూ వెయ్యొద్దు" అని కూడా అన్నాడు. లారీకి అది నిజం. ముందు ఒంటి చక్రం పేలితే స్టీరింగ్ పోతుంది, వెనక జంట చక్రాల్లో ఒకటి పోయినా రెండోది మోస్తుంది. కార్ల దగ్గర మాట తిరగబడుతుంది, మంచివి వెనక్కి వెయ్యమంటారు, తోక తిరగకుండా. నా బండికి ముందొక సైజు వెనకొక సైజు కనుక మార్చుకునే పనే లేదు. ఈ వాదనంతా ఆయనకు చెప్పలేదు.

జూన్ 2

ఏడాదికి నేను తోలేది నాలుగు వేల మైళ్ళు ఉంటుంది. ట్రాక్ మీద, మూడు రోజులు వెళ్తే, మూడు వందల యాభై. మిగిలినదాంట్లో తడి రోడ్డు ఎంత? ఇంగ్లండ్‌లో ఉండి ఇది అడగడమేమిటి.

మూడో దారి. ఏడీ08ఆర్‌కు తమ్ముడు, ఏడీ08ఆర్ఎస్. ముందు 195.

జూన్ 4

యోకోహామావాళ్ళకు అచ్యుతాపురంలో ఫ్యాక్టరీ ఉందని చెబితే నాన్న సంతోషించాడు. 2022లో తెరిచారు. అక్కడ చేయడం మొదలెట్టింది పొలాల్లో, గనుల్లో తిరిగే బళ్ళవి. "మరి అవే వేయించుకోరాదూ, నీళ్ళలో కూడా పోతాయి" అన్నాడు.

జూన్ 29

కొత్త టైర్లకు నూరు మైళ్ళు నిదానంగా తోలాను. అచ్చులోంచి ఊడి రావడానికి పూసిన జిడ్డు పోవాలి. రోడ్డు మీద కొంచెం మోత. 195 వల్ల ఆగి ఉన్నప్పుడు స్టీరింగ్ బరువెక్కింది. తయారీ తేదీలు నాలుగూ చూశాను. ఇప్పుడది నాకో జబ్బు, పార్కింగుల్లో అవతలివాళ్ళవి కూడా చదువుతున్నా.

సెప్టెంబర్ 14, స్నెటర్టన్

పొద్దున చినుకులు, పదకొండుకు ఆరింది. రెండూ చూసే అదృష్టం.

తడిలో ఈ టైరు జారుతుంది, కానీ జారబోతున్నానని ముందే చెబుతుంది. సగం మలుపులో వెనక భాగం కొంచెం బద్ధకిస్తుంది, సర్దుకోవడానికి టైమిస్తుంది. మేలో వాడిన రబ్బరు ఇంతకంటే గట్టిగా పట్టుకునేది, వదిలేటప్పుడు మాత్రం చెప్పేది కాదు. దాని కొస దగ్గరికి నేనెప్పుడూ వెళ్ళలేదు, వెళ్ళే ధైర్యం లేదు. దీని కొస దగ్గర పొద్దంతా ఆడుకున్నాను.

కోరమ్‌లో తేడా తెలిసింది. అప్పటి వేగం లేదు, ఎంత తక్కువో నాకు తెలీదు, గడియారం నిషేధం కదా. మెడ నొప్పి లేదు. నాలుగో చుట్టు తర్వాత ముందు ఎడమ టైరు కాస్త జిగటగా మూలిగింది, ఒక చుట్టు చల్లబరిస్తే సరిపోయింది.

ఈసారి చలిలోనే 24 పెట్టాను. కాగాక 29. వదలాల్సిన పని రాలేదు. సాయంత్రం కాలిపంపుతో 26కి ఎక్కించుకున్నాను. పక్కవాడి దగ్గర బ్యాటరీ పంపు ఉంది, ఇస్తానన్నాడు. వద్దన్నాను. తర్వాత నాలుగు చక్రాలూ కాలితో తన్ని చూశాను. చప్పుళ్ళలో తేడా నాకేమీ తెలియలేదు.

నవంబర్ 3

పాత ట్రాక్ టైర్లు గ్యారేజీలో చోటు తింటున్నాయని అమ్మకానికి పెట్టాను. నార్విచ్ నుంచి ఒకతను వ్యాను వేసుకుని వచ్చాడు. ముప్ఫై ఏళ్ళు ఉండవు. పోయిన నెలే ఎలీజ్ కొన్నాడట. తయారీ తేదీ చూసుకున్నాడు, గోరు గుచ్చి చూశాడు. నచ్చాడు.

వానలో ఎలా ఉంటాయో చెప్పాను. ఎల్వెడన్ సంగతి, 22 సంగతి, 48న్నర మైళ్ళ లెక్క, మొత్తం. శ్రద్ధగా విన్నాడు.

"ఫర్వాలేదు," అన్నాడు, "వానొస్తే నేను బండి తియ్యను."

నాలుగూ ఎత్తి వ్యానులో పెట్టడానికి సాయం చేశాను. పోతూపోతూ ఏదన్నా మరిచిపోయానా అని అడిగాడు. లోపలికెళ్ళి, సొరుగులో పాత గాలి మీటరు ఉంటే తెచ్చి ఇచ్చాను.